పేరెవరిది? రోమక నామములను, కృష్ణాతీర నామములను గూర్చి ఒక సంవాదము

కృష్ణానది నీటితో పండిన అన్నము తిని పెరిగి, వియ్యమంది, ఒకరినొకరు బావగారని పిలుచుకొను ఇద్దరు పెద్దలకు మనుష్యుల పేర్లను గూర్చి జరిగిన సంవాదమిది. ఒకరు బెజవాడ న్యాయస్థానములలో దీర్ఘకాలము వాదించి విశ్రాంతి గైకొన్న న్యాయవాది. రోమకుల ధర్మశాస్త్రముపై ఆయనకు గల గౌరవము క్రమముగా వారి ఆచారములన్నిటికిని వ్యాపించినది. రెండవవారు బందరులో చరిత్ర బోధించిన ఉపాధ్యాయులు. శిలాశాసనము చెప్పినదే ఆయనకు ప్రమాణము. బిడ్డకు పెట్టు పేరు వంశమునకు చెందినదా, ఆ బిడ్డకు చెందినదా యనునదియే వారి వివాదాంశము. ప్రతి బారసాలనాడును మన యిండ్లలో ఈ ప్రశ్న ఏదో యొక రూపమున తలయెత్తుచునే యున్నది గనుక, వారి మాటలలో నాకు ముఖ్యములని తోచినవానిని ఇచట పొందుపరచుచున్నాను.

న్యాయవాది: బావగారూ, ఈ కాలపు తలిదండ్రులు బిడ్డలకు పేర్లు పెట్టు తీరు చూచినచో నాకు మనస్సు చివుక్కుమనును. తాతపేరు అక్కరలేదు, ఇలవేలుపు పేరు అక్కరలేదు. చెవికి క్రొత్తగా నుండిన చాలును. రోమకులు ఇట్లు చేయలేదు. వారిలో పౌరుడైనవానికి మూడు పేర్లు: మొదట ఇంటివారు పిలుచుకొను పేరు, నడుమ వంశనామము, కడపట శాఖానామము. గేయస్ జూలియస్ సీజర్ అనునప్పుడు జూలియస్ అనునది వంశము, సీజర్ అందలి శాఖ. పిలుచు పేర్లనైనను వారు ఇచ్చవచ్చినట్లు కల్పించుకొనలేదు. గణతంత్రము కడపటి దశలో సామాన్యముగా వాడుకలో నున్నవి ఇంచుమించు పదునెనిమిది మాత్రమే. జ్యేష్ఠపుత్రునకు తండ్రి పేరే పెట్టుట వారి వాడుక. ఆ కొలది పేర్లతోనే వారు మధ్యధరా సముద్రమును చుట్టియున్న దేశములన్నిటిని ఏలిరి. పేరు వారికి పిత్రార్జితమైన మాగాణి వంటిది. అనుభవించువాడు దానిని చెడగొట్టక తనయునకు అప్పగింపవలెను, అంతే గాని అది నాది, నా యిష్టమని అమ్ముకొనుటకు వీలులేదు.

ఉపాధ్యాయుడు: మాగాణి మనిషి కొరకా, మనిషి మాగాణి కొరకా యనునది ముందు తేల్చుకొందము. క్రీ.పూ. 384లో మార్కస్ మాన్లియస్ అను ప్రముఖుడు రాజు కాగోరెనన్న అభియోగముపై టార్పీయ శిలాగ్రమునుండి క్రిందికి త్రోయబడి మరణించెను. అంతకు కొలది యేండ్ల పూర్వము గాల్ జాతివారు రాత్రివేళ కాపిటోల్ కొండకు ఎగబ్రాకుచుండగా మేల్కాంచి తరిమికొట్టినవాడని ఆ దేశపు చరిత్రకారులు కొనియాడినదియు అతనినే. అతడు చచ్చిన పిమ్మట మాన్లియస్ వంశమువారు, తమలో ఇక నెవ్వడును మార్కస్ అను పేరు ధరింపరాదని కట్టడి చేసికొనిరి. మూడున్నర శతాబ్దములు గడచినవి. మార్క్ ఆంటోనీ ఓడి, ఈజిప్టులో ఆత్మహత్య చేసికొనగా, ఆంటోనియస్ వంశమున నెవ్వనికిని మార్కస్ అను పేరుండరాదని సెనేటు సభయే శాసించెను. మరి యేబదియేండ్లకు నీయస్ పీసో యనువాడు, చక్రవర్తి దత్తపుత్రుడైన జర్మానికస్ మరణమునకు కారకుడన్న నిందపడి, విచారణ ముగియకుండగనే ప్రాణము తీసికొనెను. వాని పెద్దకొడుకు పేరును నీయస్ పీసోయే. అతడా పేరు విడిచి లూషియస్ అని పేరు మార్చుకొనవలసివచ్చెను. నింద తండ్రిది, పేరు పోగొట్టుకొన్నవాడు కొడుకు. తాను పుట్టినది మొదలు ఏ పేరుతో పిలువబడెనో ఆ పేరే ఒకానొక తీర్పుచేత తనది కాకపోవుట ఎంతటి అవమానము! మీ మాగాణి సిద్ధాంతము ఫలించినచో ఇట్లు ఫలించును.

న్యాయవాది: ఇందు నాకు అన్యాయము కానరాదు, గౌరవమే కానవచ్చుచున్నది. పేరునకు మచ్చ తగిలినచో ఇల్లంతయు సిగ్గుపడు జాతి యది. సిగ్గుపడు నిల్లు తప్పు చేయుటకు వెనుదీయును. మంచి పేరైనచో అది కొడుకునకు బలమగును గదా! సీజరు క్రీ.పూ. 44లో హతుడైనపుడు అతని మేనకోడలి కుమారుడు ఆక్టేవియస్‌కు పదునెనిమిదేండ్లు. సేన లేదు, పదవి లేదు. వీలునామాలో సీజరు తనను దత్తుగా స్వీకరించెనని వినినంతనే ఇటలీకి వచ్చి గేయస్ జూలియస్ సీజర్ అను పేరు దాల్చెను. ఆ పేరు విని వృద్ధసైనికులు వేలకొలది అతని వెంట నడచిరి. అంతయు పేరు వలననే సంపాదించెనని ఆంటోనీ ఎత్తిపొడిచెననియు విందుము. పొడిచిననేమి? ఆ బాలుడే అగస్టసు చక్రవర్తి యయ్యెను. ఒక యింటి శాఖానామము పిదప చక్రవర్తులందరకు బిరుదమై, జర్మనులకు కైజరు, రష్యనులకు జారు ఆయెను. పేరు నిలిచినచో ఇంత నిలుచును.

ఉపాధ్యాయుడు: దత్తత మాట మీరే తెచ్చితిరి గనుక మన యమరావతి కథ మీకు గుర్తుచేయుదును. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తండ్రి పేర జగ్గయ్యపేట నిర్మించిన ప్రభువు. కొడుకులు లేక, వంశనామము నిలుపుటకై ఒకరిని దత్తు తీసికొని, అతడుండగనే మరియొకరిని దత్తు తీసికొనిరి. 1816లో ఆయన గతించిన తరువాత ఏమి జరిగినదో న్యాయశాస్త్రము చదివినవారు మీకే బాగుగా తెలియవలెను.

న్యాయవాది: తెలియకేమి! దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని ప్రీవీ కౌన్సిలు 1846లో తీర్పు చెప్పిన వ్యాజ్యెమది. ఈ దేశమున దత్తత వ్యవహారములు నడపిన వకీళ్లందరును దానిని ఉదాహరించినవారే. అప్పటికి ప్రభువు పోయి ముప్పది యేండ్లు. వ్యాజ్యెముల ఖర్చులకును, పేష్కషు బాకీలకును సంస్థానమే కరగిపోయినది. అయినను అది మన శాస్త్రము తెచ్చిన చిక్కే గాని పేరు తెచ్చిన చిక్కు కాదు. రోమకులలో దత్తపుత్రుడు క్రొత్త యింటి పేర్లన్నియు గ్రహించియు, పుట్టినింటి పేరును చివర తగిలించుకొనువాడు. ఎమీలియస్ పాలస్ కుమారుడు స్కిపియో యింటికి దత్తు పోయి స్కిపియో ఎమీలియానస్ అయ్యెను. కార్తేజి నగరమును ధ్వంసము చేసినవాడతడే. మనలో దత్తుపోయినవానికి పుట్టినింటి గోత్రము లేదు, ఇంటిపేరు లేదు. ఎవరి పద్ధతి మేలు?

ఉపాధ్యాయుడు: ఆ యొక్క విషయమున రోమకులదే మేలు. కాని బావగారూ, ఆ పాలస్ కథను సగములో నాపితిరి. అతనికి నలుగురు కుమారులు. పెద్దవారినిద్దరిని మహావంశములకు దత్తమిచ్చి, చిన్నవారినిద్దరిని తన పేరు నిలుపుటకు దగ్గర నుంచుకొనెను. క్రీ.పూ. 168లో మాసిడోనియా రాజును జయించి, మరుసటి యేట రోమునగరమున విజయోత్సవము చేయుచుండగా, ఉత్సవమునకు ఐదు దినముల ముందు ఒక కుమారుడు, ఉత్సవమైన మూడు దినములకు రెండవ కుమారుడు మరణించిరి. అన్యులకిచ్చిన బిడ్డలు బ్రదికిరి, తనకని దాచుకొన్న బిడ్డలు పోయిరి. జీవితమున అంతటి జయము పొందిన దినములలోనే ఆ యింటి పేరు ధరించు బిడ్డ యొక్కడును అతనికి మిగులలేదు. అతని పేరు నేటికిని మనము తలచుకొనుట కొడుకుల వలన కాదు, అతని నడవడి వలన. మాసిడోనియా కోశాగారమునంతటిని ప్రజలకు చేర్చి, తాను మాత్రము స్వల్పమైన ఆస్తితో మరణించెనని చెప్పుదురు. పేరును నిలుపునది సంతతి యని మీరనుచున్నారు; పాలస్ జీవితము వేరుగా చెప్పుచున్నది.

న్యాయవాది: పాలస్ అన్న పేరునకే పొట్టివాడని యర్థము గదా! మన పొట్టి శ్రీరాములుగారు తలపునకు వచ్చుచున్నారు. ఆయన యింటిపేరును పరిహాసమున కనువైనదే. 1952 డిసెంబరు 15న ఆయన ఆంధ్రరాష్ట్రము కొరకు నిరాహారియై ప్రాణము విడిచిన తరువాత ఆ యింటిపేరు విని నవ్వు తెలుగువాడు లేడు. ఇప్పుడు జిల్లాకే అది పేరు. సిసిరో యనగా సెనగగింజ యట. రాజకీయములలో ప్రవేశించునపుడు పేరు మార్చుకొమ్మని మిత్రులు చెప్పగా, ఆ పేరునే మహావంశముల పేర్లకంటె ఘనముగా చేసి చూపుదునని ఆయన పట్టుపట్టెను. ఇదియే నేను చెప్పుచున్న మాట. పెద్దల పేరు ఎట్టిదైనను సరే, దానిని విడువక, దానికే వన్నె తేవలెను.

ఉపాధ్యాయుడు: వన్నె తెచ్చినవాడు మనిషియే యని మీరును ఒప్పుకొంటిరి! సరే, ఇక మీ రోమక వ్యవస్థలో నాకు మిక్కిలి బాధ కలిగించు విషయమునకు వచ్చుచున్నాను. ఆ మూడు పేర్లును పురుషులకే. ఆడుబిడ్డకు వంశనామము చివర స్త్రీత్వసూచకము చేర్చినచో సరిపోయెడిది. టల్లియస్ కూతురు టల్లియా, జూలియస్ కూతురు జూలియా, కొర్నీలియస్ కూతురు కొర్నీలియా. ఇద్దరు కూతుండ్రున్నచో ఇద్దరును కొర్నీలియాలే. మార్క్ ఆంటోనీకి ఆక్టేవియా యందు పుట్టిన కూతుండ్రిద్దరి పేరును ఆంటోనియాయే. పెద్ద ఆంటోనియా, చిన్న ఆంటోనియా యని వారిని గుర్తింపవలసివచ్చెను. ముగ్గురైనచో మూడవదానిని టెర్షియా, అనగా మూడవది యని లెక్కతో పిలుచుటయు కలదు. లోకమునకు ధర్మశాస్త్రము బోధించిన జాతి తన యింటి ఆడుబిడ్డకు తనదైన పేరొకటి ఉంచవలెనని తలపలేదు. వంశమే పేరునకు యజమానియైనచో, వంశమును నిలుపని బిడ్డకు పేరుతో పని లేదను నిర్ణయమునకు ఎంత త్వరగా చేరుదుమో చూడుడు.

న్యాయవాది: పెద్ద, చిన్న యనుట మనలో లేదా? కూచిపూడిలో వెంపటివారి యింట ఇద్దరు సత్యములు పుట్టి, పెద్ద సత్యము, చిన్న సత్యము అనిపించుకొని ఇద్దరును నాట్యాచార్యులైరి గదా!

ఉపాధ్యాయుడు: వారిద్దరకును సత్యము అను పేరు తమదిగా నున్నది, తమకు పేరుండి, పోలిక వలన విశేషణము వచ్చినది. ఆంటోనియాలకు పేరే లేక విశేషణము వచ్చినది. ఈ భేదము చిన్నది కాదు. వెంపటి చిన సత్యముగారు ఆ విశేషణముతోనే మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి లోకమునకు తెలిసిరి.

న్యాయవాది: ప్రాచీన కాలమున మన స్త్రీల స్థితి ఇంతకంటె మెరుగుగా నుండెనని ఏమి ప్రమాణము? శాతవాహనులలో గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని రాజులు తల్లుల పేర చెప్పుకొనిరని మీ చరిత్రకారులు గర్వింతురు. గౌతమి యనగా గౌతమగోత్రమున పుట్టినది. అది ఆమె తండ్రి గోత్రమే గాని ఆమె పేరు కాదు. ఇదియు ఒక జూలియాయే.

ఉపాధ్యాయుడు: మంచి యాక్షేపణము, రాజుల విషయమున దానిని కాదనజాలను. అందుచేత రాజులను విడిచి ఒక పనివాని యింటికి పోదము. జగ్గయ్యపేట స్తూపమునొద్ద క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకు వంశపు రాజైన వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుడను శిల్పి ఐదు ఆయకస్తంభములు నిలిపెను. అప్పుడచటి పేరు వెలగిరి. స్తంభముపై ప్రాకృతమున వ్రాయించిన శాసనములో తాను కమ్మకరాష్ట్రములోని నడతూరు వాడైన నాకచంద్రుడను శిల్పి కుమారుడననియు, తాను మహాకాండురూరున నివసించుచున్నాననియు చెప్పి, పుణ్యమున భాగస్వాములైన తన వారినందరిని పేరుపేరున ఎన్నినాడు. మొట్టమొదట తల్లి నాగిలని. తరువాత భార్య సముద్దని. కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక. తమ్ముడో అన్నయో, సోదరుడు బుధినకుడు, ఆతని భార్య కనిక, వారి కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిద్ధథనిక. ఒక యింటిలోని ఆడువారైదుగురును ఎవరి పేరుతో వారు పదునేడు వందల యేండ్లుగా ఆ రాతిపై నిలిచియున్నారు. గణతంత్రకాలపు రోములో నీ తల్లి పేరేమి, భార్య పేరేమి, కూతురు పేరేమి యని అడిగినచో వంశనామముల జాబితా వచ్చెడిది. ఇచట మనుష్యులు వచ్చిరి.

న్యాయవాది: ఆ పేర్లు మరల చెప్పుడు.

ఉపాధ్యాయుడు: తాత నాకచంద్రుడు. మనుమలు నాగసిరి, చందసిరి.

న్యాయవాది: తాత పేరును రెండుగా విరిచి ఇద్దరు మనుమలకు పంచినారు! ఇంతకంటె నాకేమి కావలెను? ఇది నా వాదమునకే సాక్ష్యము. వంశమున పేరు దిగివచ్చినది.

ఉపాధ్యాయుడు: దిగివచ్చిన మాట నిజము, ఎట్లు దిగివచ్చినదో కూడ చూడుడు. సిద్ధార్థుని పేరు అతని కొడుకునకు రాలేదు. సోదరుని కూతురునకు వచ్చినది, సిద్ధథనిక. సోదరుడు బుధినకుని పేరు, అక్షరములు తారుమారై, సిద్ధార్థుని కూతురునకు వచ్చినట్లున్నది, నాకబుధనిక. అన్నదమ్ములిద్దరును ఒకరి పేరునొకరు తమ కూతుండ్రకు పెట్టుకొనిరని నాకు తోచుచున్నది. ఇది ఆస్తివలె తండ్రినుండి జ్యేష్ఠునకు పోవు పేరు కాదు, ప్రేమచేత పంచుకొన్న పేరు. తాత పేరు ఎవ్వరికిని యథాతథముగా నంటగట్టలేదు. ఒక భాగము తీసి, క్రొత్త భాగము చేర్చి, ఎవరికి వారికి వేరు పేరు చేసినారు. తాతయు మిగిలెను, మనుమడును మిగిలెను. పూర్వులను మరువకుండుట యనిన ఇట్లుండవలెను. ఈ శాసనము చదివినప్పుడెల్ల ఆ శిల్పి యిల్లు నాకు ఎన్నో రాజవంశములకంటె ఆప్తముగా కనబడును.

న్యాయవాది: శిల్పిని నాకును వందనీయునిగా చేసితిరి. అయినను ఆ రాజవంశమునే చూతము. శాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుడు. ఆతని కొడుకు ఎహువుల శాంతమూలుడు. తాతపేరు మనుమనికి యథాతథముగా వచ్చినది గదా! ఆ యాచారమే నేటికిని మన డెల్టాలో ప్రతి గ్రామమునందు కానవచ్చుచున్నది. ఇక నాగార్జునకొండ శాసనములలోని ప్రభువర్గమువారి పేర్లు చూడుడు. పూకీయుల వాసిష్ఠీపుత్ర స్కందశ్రీ. పూకీయులనునది కులనామము, వాసిష్ఠీపుత్రుడనునది తల్లి గోత్రము, స్కందశ్రీ పిలుచు పేరు. మూడు పేర్లు, రోమకులకువలెనే! ధనకులు, హిరణ్యకులు అను కులములును అందు కలవు. మన యింటిపేర్లకు మూలము అచ్చటనే యున్నదని ఏల అనరాదు?

ఉపాధ్యాయుడు: పోలిక ఉన్నది, నడుమ పెక్కు శతాబ్దుల ఎడమున్నది గనుక, అదియే మూలమని నేను నిర్ణయింపను. ఆ స్కందశ్రీ భార్య యెవరో కూడ చెప్పుడు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ. నాగార్జునకొండ మహాచైత్యమును వీరపురుషదత్తుని ఆరవ యేట పూర్తిచేయించిన దాత ఆమెయే. శాసనములయందు భర్తకంటె ఆమె పేరే గొప్పగా వినబడును. ఇంకను పూర్వమునకు పోయినచో భట్టిప్రోలున్నది. 1892లో అలెగ్జాండరు రీ దొర త్రవ్వించినపుడు బయల్పడిన ధాతుకరండములలో ఒకదానిపై ఆ మంజూషను, స్ఫటికపు సంపుటమును చేయించినవారి పేర్లున్నవి: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. తండ్రికి పేరు లేదు, తల్లికి పేరు లేదు. కురుని తలిదండ్రులని చెప్పుకొనుటయే వారికి చాలినది. రోమకుడు తన పేరునడుమ తప్పక తండ్రి పేరు చెక్కించుకొనును. ఇచట తండ్రియే కొడుకు పేరున చెప్పుకొనెను. ఈనాటికిని మన పల్లెలలో ఇల్లాలిని ఫలానావాని తల్లి యనియే పిలుతురు గదా! వంశము పేరు నిచ్చునని మీరనిరి. బిడ్డయే వంశమునకు పేరైన ఇల్లు క్రీస్తునకు పూర్వమే కృష్ణాతీరమున నుండెను.

న్యాయవాది: ఇది నేనెరుగని విషయము. అయినను బావగారూ, పేరు పూర్తిగా మనిషిదే యన్నచో ఎక్కడికి పోవుదుమో చూడుడు. మన పటమట నాస్తికకేంద్రపు గోరాగారు ఉండిరి గదా. ఉప్పు సత్యాగ్రహపు రోజులలో, 1930లో పుట్టిన కుమారునకు లవణము అని పేరిడిరి. ప్రపంచయుద్ధము ఆరంభమైన 1939లో పుట్టినవానికి సమరము. దేవుడు లేడు, తాత లేడు. ఆ నాటి వార్తయే పేరు!

ఉపాధ్యాయుడు: ఆ పేర్లు పెట్టుటకు ఎంత గుండె కావలెనో ఆలోచింపుడు. కోటయ్య, పానకాలు, తిరుపతమ్మ, కనకదుర్గ యని చుట్టునున్న క్షేత్రముల దేవతల పేర్లే బిడ్డలకు పెట్టుకొను సీమలో, జాతి పోరాటమును బిడ్డకు పేరుగా పెట్టినారు. ఆ పేరు వలననే లవణముగారు జీవితమంతయు సంఘసేవ చేసిరని నేననను. కాని లవణము అనగా ఎవరో ఆంధ్రదేశమున ఎవ్వరును పొరబడరు. పుచ్చలపల్లి సుందరయ్యగారు కులసూచకమైన రెడ్డి పదమును విడిచిరి. ఆ విడుపువలన ఆయనకు వచ్చిన లోపమేమి? వినుకొండలో పుట్టిన జాషువాగారికి హెబ్రూ భాషలోని పేరు; ఆ పేరే నేడు తెలుగు కవిత్వమునకు అలంకారము. ఆ వినుకొండలోనే టైబీరియసు మొదలు కారకల్లా వరకు గల రోమక చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. ఆ కారకల్లా తమ్ముడు గేటాను చంపించి, సామ్రాజ్యమంతటను శాసనములనుండి ఆతని పేరును ఉలితో చెక్కివేయించెను. పౌరసత్వమును స్వతంత్రులందరకు 212లో ప్రసాదించినవాడును అతడే. అందుచేత లక్షలాది ప్రజలకు ఒక్కసారిగా అతని వంశనామమైన ఆరీలియస్ వచ్చి, ఎవరినిగాని గుర్తింప నుపయోగపడని పేరయ్యెను. మీరు మెచ్చిన మూడు పేర్ల వ్యవస్థ శిథిలమైన తీరిది. వంశమును చెప్పుటకే పుట్టిన పేరు తుదకు వంశమునుగూడ చెప్పజాలక పోయినది.

న్యాయవాది: గోరాగారిని గూర్చి ఒక్కమాట. గోపరాజు రామచంద్రరావు అను పేరులో ఇంటిపేరు మొదటి యక్షరమును, తన పేరు మొదటి యక్షరమును కలిపి గోరా యైరి. సర్వము త్యజించినానన్న ఆ మహనీయుడును గోపరాజువారి ‘గో’ను విడువలేదు. లవణముగారును గోపరాజు లవణమే.

ఉపాధ్యాయుడు: ఈ మాటకు మీకు తల వంచుచున్నాను. ఇల్లు అక్కరలేదని నేనెన్నడును అనలేదు. ఇల్లు మనిషిని మ్రింగరాదనుటయే నా వాదము. నిజముగా చూడబోయిన, నేడు మన యింటిపేరును మ్రింగుచున్నది క్రొత్త పేర్లు కావు, పొడి అక్షరములు. రోమకులును పిలుచు పేర్లను పొడి అక్షరములతోనే వ్రాసిరి. వారికున్నవి పదునెనిమిదే గనుక ఏ యక్షరము దేనికో బాలునకును తెలియును. మన యింటిపేర్లు వేలకు వేలు. ‘వి. సత్యనారాయణ’ అని వ్రాసినచో వేయిపడగలు వ్రాసిన విశ్వనాథవారా, భామాకలాపము ఆడిన వేదాంతమువారా? ఇద్దరును కృష్ణా జిల్లావారే, ఇద్దరును మహనీయులే. రోమకుని అక్షరము పేరును చెప్పినది, మన అక్షరము పేరును దాచుచున్నది. జగ్గయ్యపేట నేడు ఏ జిల్లాలో నున్నదని అడిగినచో మూడు ఆంగ్లాక్షరములు చెప్పవలసివచ్చుచున్నది. నందమూరి తారక రామారావుగారి పేరు పలుకుటకు ఎంత సొంపు! ఆ సొంపు జిల్లా పేరునకు రాలేదు.

న్యాయవాది: ఇచట మనకు భేదము లేదు. దస్తావేజులలో నేనెరిగిన బాధయు ఇదియే. ఒక్క యూరిలో ఒకే పేరుగల వేంకటేశ్వరరావులు, ఒకే పొడి అక్షరముతో, ప్రక్కప్రక్క చేలకు హక్కుదారులైనచో న్యాయాధిపతికి తండ్రుల పేర్లే దిక్కు. ఇంటిపేరు పూర్తిగా వ్రాసియున్న వ్యాజ్యెములు సగము తగ్గును. అందుకే మా వంశవృక్షమును పండ్రెండు తరములవరకు సేకరించి, ప్రతి పేరును ఇంటిపేరుతో సహా పూర్తిగా వ్రాయించితిని.

ఉపాధ్యాయుడు: సంతోషము. అందు ఆడువారి పేర్లెన్ని?

న్యాయవాది: వంశవృక్షమున ఆడువారి పేర్లు వ్రాయు వాడుక లేదు గదా, బావగారూ.

ఉపాధ్యాయుడు: అనగా పండ్రెండు తరముల తల్లులు లేరు. మీ యమ్మగారి పేరును లేదు, మా యింటినుండి మీ యింటికి వచ్చిన నా కూతురు పేరును లేదు. రోమకులు వారికి పేరు పెట్టలేదు. మనము పేరు పెట్టి, వ్రాయుట మానితిమి. ఫలితము ఒక్కటియే.

న్యాయవాది: (కొంత సేపటికి) మా నాయనమ్మగారి పేరు సీతమ్మ. ఆమె తల్లి పేరు నాకు తెలియదు. అడుగవలసినవారెవ్వరును ఇప్పుడు లేరు.

ఉపాధ్యాయుడు: తెలిసినంతవరకైనను వ్రాయుడు, పుట్టినింటి పేరును వ్రాయుడు. దత్తుపోయినవానికి రోమకులు పుట్టినింటి పేరు ఉంచిరని మీరే మెచ్చుకొంటిరి; అత్తవారింటికి వచ్చిన ఆడుబిడ్డకు మనమెందుకు ఉంచరాదు?

న్యాయవాది: ఉంచరాదనుటకు నాకు వాదము దొరకలేదు. పేరు ముందు మనిషిదనియు, ఇల్లు దాని వెనుక నిలువవలసినదనియు ఒప్పుకొందును. ఆ యిల్లు తండ్రిది మాత్రమే యనుట మానుకొందును. తాత పేరు పెట్టవలెనను మాటను మాత్రము విడువను. మీ శిల్పి చేసినట్లు దానిలో సగమైనను పెట్టవలెను.

సంవాదమింతే. దీనిని చదివిన తెలుగువారికి నా మనవి యొకటి. మీ యింట వృద్ధులుండగనే వారిని అడిగి, తల్లి పేరు, తల్లికి తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆమె తల్లి పేరు, వారి వారి పుట్టినిండ్ల పేర్లతోను గ్రామములతోను వ్రాసియుంచుడు. వంశవృక్షములు అచ్చువేయువారు వానిని తప్పక అందు చేర్పుడు. మీ పేరును, మీ బిడ్డల పేర్లను పొడి అక్షరములతో గాక, ఇంటిపేరుతో పూర్తిగా, తెలుగులో వ్రాయుడు.